ఇవి మొలిచిన్నాడు రా

పోయిన వారం మా జిరాక్స్ షాపుకు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. ఆధార్ కార్డు నకళ్లు తీసి ఇచ్చేలోపు ఊరికే నిలబడలేక, నా వెనకున్న అద్దాల బీరువా వైపు మెడ చాచి చూసి, "అంకుల్, గవి అమ్ముతరా?" అని అడిగింది. అవి అమ్మేవి కావు. ఒకప్పుడు వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఇది అద్దె పుస్తకాల షాపు. రైలెక్కే ఉద్యోగస్తులు, మధ్యాహ్నం వంటపని ముగించుకున్న ఆడవాళ్లు, పరీక్షలు దగ్గర పడేకొద్దీ నవలల మీద ప్రేమ పెరిగే కాలేజీ పిల్లలు, అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. తర్వాత టీవీ వచ్చింది, దాని వెనకే సెల్‌ఫోను వచ్చింది. నేనూ ఓ మిషను కొనుక్కుని, చదివే పుస్తకాలు వదిలేసి, ఎవరూ చదవని కాగితాలకు నకళ్లు తీస్తూ బతుకుతున్నాను. మిగిలిన పుస్తకాలు ఆ బీరువాలో ఉన్నాయి. వాటిని ఇప్పుడు చెదలు కూడా పట్టించుకోవడం లేదు.

ఆ అమ్మాయి వేలు పెట్టి చూపించింది పాత దయ్యాల నవలను. చదవనివాళ్లు కూడా చదివామని చెప్పుకునే రకం పుస్తకం అది. ఇప్పుడు కొత్త అట్టతో మళ్లీ వేశారట, ఫోన్లో బొమ్మ చూపించింది. తలుపు సందులోంచి ఒక తడి చెయ్యి. "అందరు క్లాసిక్ అంటున్నరు అంకుల్. నేను దయ్యాల కథలు ఎన్నడు సదవలే. నిజంగ భయమైతదా?" అంది. ఈ ప్రశ్నకు నా దగ్గర ఒకప్పుడు తయారుగా జవాబు ఉండేది. మొహం గంభీరంగా పెట్టి, "గుండె జబ్బున్నోళ్లకు ఇయ్యనమ్మా" అనేవాణ్ని. ఆ మాట విన్నాక ఆ పుస్తకం తీసుకోకుండా మెట్లు దిగినవాళ్లు లేరు. గిరాకీకి తట్టుకోలేక రెండు ప్రతులు కొన్నాను. మొన్న మాత్రం ఆ జవాబు నోట్లోంచి రాలేదు. "చదివి నువ్వే చెప్పు బిడ్డా" అని పుస్తకం ఆమె చేతిలో పెట్టి పంపించాను. అది మొదటి ప్రతి. రెండోది తాండూరులో మా అక్క ఇంట్లో ఉంది. అక్కే లేదు.

ఆ రెండో ప్రతిని షాపులోంచి ఎత్తుకుపోయింది నా మేనకోడలు. ఎత్తుకుపోయింది అనడం న్యాయమే, ఎందుకంటే ఆ పిల్ల ఏనాడూ ఏ పుస్తకానికీ అద్దె కట్టలేదు. అడిగితే, "మామ షాపంటె నా షాపు గాదా?" అనేది. పొద్దున తాండూరు నుంచి ప్యాసింజర్లో వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుకునేది. సాయంత్రం బండి ఆలస్యమైతే, అది ఆలస్యం కాని రోజు నాకు గుర్తు లేదు, నా షాపులో స్టూలు మీద కూర్చుని మధ్యాహ్నం తినకుండా మిగిల్చిన డబ్బా తెరిచేది. జొన్నరొట్టె మాడిన అంచులంటే దానికి ప్రాణం. చుట్టూ అంచులన్నీ తుంచుకుని తిని, మెత్తటి నడిమి భాగం నా చేతిలో పెట్టేది. వాళ్లమ్మ రొట్టెను ఈ పిల్ల కోసమే పెనం మీద కావాలని ఓ క్షణం ఎక్కువ ఉంచేదని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, మా అక్కకు ఇన్నేళ్లొచ్చినా రొట్టె కాల్చడం రాలేదని వెక్కిరించేవాణ్ని.

బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే పిల్ల, దయ్యాల నవల కావాలని పట్టుబట్టింది. రైల్లో చదివేది. "ధారూరు దాటినంక చెట్లెనక ఎవలో నిలబడ్డట్టే అనిపించింది మామా" అని మర్నాడొచ్చి చెప్పేది. ఆ చెప్పడంలో భయం కంటే గొప్పే ఎక్కువ. పుస్తకం సగానికి వచ్చినప్పుడు నా వైపు వేలు చూపించి బెదిరించింది. "లాస్టుకు ఏమైతదో చెప్తివా, నీతోని కటీఫ్." నేను ఊరుకుంటానా, "లాస్టుకు పెండ్లయితది, అందరు పప్పన్నం తింటరు" అన్నాను. బ్యాగు ఎత్తి నా భుజం మీద ఒకటి వేసి, బండి కూత వినిపించగానే పరుగెత్తింది. ఆ పిల్లతో నేను ఆడిన చివరి పరాచికం అది.

ఎండలు ముదిరిన నెలలో జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తాండూరులో చూపించారు, తర్వాత హైదరాబాద్ తీసుకుపోయారు. నడిచి బండెక్కిన పిల్లను పడుకోబెట్టి తెచ్చారు. ఇంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు.

అక్క వాళ్లిల్లు తాండూరు చివర, యాలాల్ పోయే దారిలో ఉంటుంది. అక్కడ నేల మీదా బండలే, గోడలకూ బండలే. చేలకు, దొడ్లకు కంచెల బదులు కూడా నిలువు బండలే పాతుతారు. మా బావ ఆ బండలకు నునుపు పట్టే మిల్లులో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు, మీసాలు తెల్లటి పొడితో నిండి, వయసుకు మించిన ముసలివాడిలా ఉంటాడు. ఇంటి వెనక తలుపు తీస్తే ఎడ్లబండ్ల బాట. ఆ బాట నిలువు బండల వెంటే సాగి బొందలగడ్డకు పోతుంది. పెళ్లికాని పిల్ల కాబట్టి దహనం చేయకుండా అక్కడే పూడ్చిపెట్టాలన్నారు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. పక్కింటి ఖాలా, అంటే ఉర్దూలో పిన్ని, ఆ వాడకంతా ఆవిడ ఖాలాయే, పొద్దుటి నుంచి తన పొయ్యి మీద మా అందరికీ అన్నం వండుతోంది. ఆ గొడవలో బావ వాళ్ల అక్క, వరసకు నాకు వదిన, మగవాళ్లను ఓ పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. "పెండ్లిగాని పిల్ల. పానమంత ఇంటి మీదనే ఉంటది. ఆవాలు వేంచి సల్లకుంటె మళ్లమళ్ల వస్తది. దానికీ శాంతి లేదు, మనకూ లేదు." ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ పిల్లకు స్నానం పోసింది, తల దువ్వింది ఆవిడే. మా అక్క పోపుల డబ్బాలోని ఆవాలన్నీ వదినే ఒక గిన్నెలోకి వంచి, మనింట్లో పొయ్యి లేదు కాబట్టి వేయించుకు రమ్మని ఖాలా ఇంటికి పంపించింది. కాసేపటికి ఆ గిన్నె పళ్లెం మూతతో తిరిగి వచ్చింది. ఎవరూ మూత తీసి చూడలేదు.

ఆడవాళ్లు అక్కను పట్టుకుని ఇంటి ముందు గదిలోనే ఉండిపోయారు. పూడ్చడం అయ్యాక, మాలో ఒక పెద్దమనిషి ఆ గిన్నె పట్టుకుని బొంద దగ్గర నుంచి ఇంటి వెనక తలుపు దాకా పిడికెడు పిడికెడు చల్లుకుంటూ వచ్చాడు. చల్లినప్పుడల్లా ఒకే మాట అన్నాడు, "ఇవి మొలిచిన్నాడు రా." వేయించిన గింజ మొలవదు కాబట్టి పోయినవాళ్లు ఇక రారు. మా వైపు ఇది పాత ఆచారమే. నేను ఆయన వెనకే నడిచాను. ఎండ మండుతోంది, బాట మీద బండల పొడి తెల్లగా మెరుస్తోంది, ఆ తెలుపులో నల్లటి గింజలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. వాటిని తొక్కకుండా నడవాలని చూశాను కానీ కుదరలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ప్యాసింజరెక్కి తాండూరు పోవడం అలవాటు చేసుకున్నాను. "నువ్వొస్తె రెండు ముద్దలు తింటది బామ్మర్ది, రాక తప్పొద్దు" అన్నాడు బావ. అక్క ఏడ్చేది కాదు. అదే మమ్మల్ని భయపెట్టింది. వెనక తలుపు గడప మీద కూర్చుని బాట వైపు చూస్తూ ఉండేది. ఏమడిగినా ఉప్పు గురించో నీళ్ల గురించో ఒక మాట చెప్పి ఊరుకునేది. ఆ ఇంట్లో చావు మాట, పిల్ల పేరు ఎత్తకూడదని మేమంతా చెప్పుకోకుండానే ఒప్పందానికి వచ్చాం.

అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పోయేసరికి ముందు తలుపు తీసే ఉంది, బావ లేడు. లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతోంది. మాట ఆగి ఆగి వస్తోంది, అవతలివాళ్లు బదులు చెప్పడానికి సందు ఇస్తున్నట్టు. ఇంట్లో ఇంకెవరూ లేరని నాకు తెలుసు. ఏళ్ల తరబడి దయ్యాల పుస్తకాలు అద్దెకిచ్చినవాణ్ని, ఆ పట్టపగలు నా ఒళ్లు జలదరించింది. మెల్లగా వంటింటి దాకా పోయి చూస్తే, వెనక గడప మీద కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టుకుని, అక్క నవల చదువుతోంది. ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి, పెళ్లిపత్రికలు తప్ప ఏమీ చదవని మనిషి, "శి... శిథి... శిథిలమైన" అని కూడబలుక్కుంటోంది.

"ఇదేందక్కా, దయ్యాల పుస్తకం! నీకెందుకియి?" అని లాక్కోబోయాను. ఆమె పుస్తకం వెనక్కి తీసుకుంది. "బిడ్డ సగంల వెట్టిపోయింది తమ్మీ. తలపిన్ను వెట్టి పోయింది సూడు. లాస్టుకు ఏమైతదో దానికి తెల్వకపాయె. నేను సదివి చెప్తున్న" అంది. ఎవరికి చెబుతున్నావని నేను అడగలేదు. పిల్ల పోయాక ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం అదే మొదలు.

చిక్కేమిటంటే, ముందు సగం కూతురికి తెలుసు కదా అని, అక్క కథను నడిమిలోంచి మొదలుపెట్టింది. "ఈ దివాన్జీ ఎవడు తమ్మీ? ఈడెందుకు గుర్రమెక్కి వచ్చిండు?" అని అడిగేది. ముందు జరిగిన కథ నేను చెప్పాల్సి వచ్చింది. కొండ మీద ఒక బంగ్లా. ఆ ఇంటి కూతురు బావిలో పడి చచ్చిపోతుంది. అప్పటి నుంచి పొద్దు వాలగానే తడి జడతో వచ్చి, వెనక తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, తలుపు తియ్యి" అని పిలుస్తుంది. ఇంట్లోవాళ్లంతా హడలిపోయి మంత్రగాణ్ని పిలిపిస్తారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు నాకే పలచగా వినిపించింది. అక్క మాత్రం శ్రద్ధగా విని, "ఊ, ఇగ ఇప్పుడు సమజైంది" అని మళ్లీ వేలు పెట్టుకుంది.

చాలామంది పాఠకులను చూశాను కానీ అక్కలాంటి పాఠకురాలిని చూడలేదు. రచయిత ఏ పేజీలో భయపడమన్నాడో ఆ పేజీలో ఆమెకు కోపం వచ్చేది. పొగమంచు, కొండ, పాడుబడ్డ బంగ్లా వర్ణన ఉన్నచోట, "మన అనంతగిరి గిట్లనే ఉంటది గద. ఆడికి జనం బిర్యానీ డబ్బలు వట్టుకొని పోతరు. దీనికి భయమేంది?" అంది. వాన గురించి రెండు పేజీలు రాస్తే, "వానొచ్చింది అంటె సాలదా, తొందరగ పిల్ల తానికి రారాదు?" అని విసుక్కుంది. కరివేపాకు రెమ్మను గుర్తుగా పెట్టుకుని, పప్పు దించి వచ్చి మళ్లీ చదివేది. ఆమె పప్పు గురించి పట్టించుకోవడం చూసి బావ గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నాకు కూడా, పుస్తకం ఏదైతేనేం, మనిషి మాట్లాడుతోంది కదా అనిపించింది.

ఒక ఆదివారం ఆ పుస్తకం ఒళ్లో బోర్లించి నాతో తగాదా పెట్టుకుంది. "తడి బట్టలతోని నిలవడ్డదంట. ఇంట్ల గంతమంది ఉన్నరు, ఒక్కలన్న తువ్వాల ఇయ్యలే. ఆకలైతుందా బిడ్డా అని అడగలే. అందరు గజగజ వణికిండ్రంట. దేనికి వణుకుడు? ఇంటి పిల్లనే గద తమ్మీ?" నేను దయ్యం కదక్కా అన్నాను. "అయితేంది?" అంది. పేజీ వెనక్కి తిప్పి, "తల్లి చెవులు మూసుకున్నదంట. ఎవలు రాసిండ్రు దీన్ని? ఆయనకు పిల్లలున్నరా?" అని అడిగింది. నాకు తెలియదని, ఆయన పోయి చాలా ఏళ్లయిందని చెప్పాను. "పోయినంకనన్న తెలిసిందో లేదో" అని మళ్లీ పుస్తకం తీసింది.

తర్వాతి ఆదివారం ఆమె ముందు గుమ్మంలోనే నిలబడి ఉంది. నవల అయిపోయిందని మొహం చూడగానే తెలిసింది. ఆ నవల ముగింపు తలచుకుని నిద్రపట్టలేదని నా గిరాకీలు ఎంతమంది చెప్పారో లెక్క లేదు. మంత్రగాడు బావి నుంచి ఇంటి దాకా వేయించిన ఆవాలు చల్లి, ఇవి మొలిచిన నాడు రమ్మని ఆ పిల్లను కట్టడి చేస్తాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంటుంది. చివరి పేజీలో తల్లి వాకిట్లోకి వచ్చి చూస్తే, గడప పక్కన ఒకే ఒక పచ్చటి మొలక. తల్లి కేక పెడుతుంది. అంతే కథ. ఈ ముగింపు నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా, ఆమె చదువుతుంటే అక్కడ ఏముందో ఎలా మరిచిపోయానో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె మాట్లాడుతోందన్న సంతోషం నన్ను మొద్దును చేసి ఉంటుంది.

"తమ్మీ, మనోళ్లు గూడ సల్లిండ్రా?" అని అడిగింది అక్క. "ఆ దినం నా పోపుల డబ్బల ఆవాలు ఖాళీ అయినయ్. పోపుకు తీసిండ్రనుకున్న. పొయ్యి ముట్టియ్యని ఇంట్ల పోపెక్కడిది?" "సల్లిండ్రక్కా" అన్నాను. "ఏమని సల్లిండ్రు?" "ఇవి మొలిచిన్నాడు రా అని." ఆమె గోడకు చేరబడి మెల్లగా కిందికి జారి కూర్చుంది. "నా ఇంటి గింజలతోనే నా బిడ్డకు దారి మూసిండ్రా" అంది. అప్పుడు ఏడ్చింది. అన్ని వారాలుగా రాని ఏడుపు అంతా ఆ మధ్యాహ్నం వచ్చింది. ఖాలా పరుగున వచ్చి పట్టుకుంది కానీ ఏం జరిగిందో ఆమెకు తెలియదు. నేను బండెక్కి వికారాబాద్ వచ్చేదాకా కిటికీలోంచి ఏం చూశానో నాకు గుర్తు లేదు. చేతనైతే ఆ పుస్తకం రాసినవాణ్ని లేపి కొట్టాలనిపించింది.

ఆ వారమే మృగశిర వానలు మొదలయ్యాయి. ఒకటే ముసురు. ఆదివారం నేను పోయేసరికి అక్క ఇంట్లో లేదు. బావ వెనక తలుపు వైపు చెయ్యి చూపించాడు. ఆమె బాట మీద, నిలువు బండల పక్కన, బురదలో గొంతుకూర్చుని ఉంది. దగ్గరికి పోతే, "గియ్యేం మొలకలు తమ్మీ?" అంది. బండిచక్రాల గాడి పొడుగునా, బండల సందుల్లో, మెత్తబడ్డ తెల్లటి పొడిలో, రెండేసి ఆకులతో చిన్న చిన్న మొలకలు. ఇంటి గడప దగ్గర మొదలై చూపు ఆనినంత దూరం బొందలగడ్డ వైపు పోతున్నాయి. పుస్తకాలు అద్దెకిచ్చుకునేవాడికి మొక్కల సంగతి ఏం తెలుస్తుంది, కలుపేమో అన్నాను.

మా వెనకే వచ్చిన ఖాలా వంగి ఒక మొలక తుంచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది. "ఆవాలే" అంది. మా ఇద్దరి మొహాలు చూసి, నేను సగం సగం చెప్పింది విని, నెత్తి మీది కొంగు సర్దుకుంది. "యా అల్లా, నేను వేంచలే బేటీ. నజర్ దీయనీకె, దిష్టికి అనుకున్న. మా ఇండ్లల్ల నజర్‌కు కచ్చా ఆవాలే తిప్పుతం, వేంచితె పనిజెయ్యయి. వీళ్లు పరేషాన్ల చెప్తున్నరనుకొని, రాళ్లేరి, చెరిగి, గట్లనే పంపిన. గల్తీ అయింది, మాఫ్ చెయ్." అక్క ఆ ముసలిచేతులు రెండూ పట్టుకుని తన కళ్లకద్దుకుంది. "గల్తీ గాదు ఖాలా. దారి తెరిసినవ్" అంది. నేను దయ్యాలను నమ్మేవాణ్ని కాదు. ఆ రోజు వానలో నిలబడి ఆ మొలకల వరస చూస్తుంటే, నమ్మగలిగితే ఎంత బాగుండునో అనుకున్నాను.

అప్పటి నుంచి అక్కకు ఒక పని దొరికింది. కర్ర పట్టుకుని బాట పొడుగునా మేకలను తోలేది. మేకలవాళ్లు ఆమెను చూడగానే దారి మార్చుకునేవాళ్లు. వదిన వచ్చి, అరిష్టం, పీకేద్దామని చెయ్యి పెట్టబోతే, "ముందు నన్ను పీకు" అని అడ్డం కూర్చుంది. శ్రావణానికి బాటంతా పసుపుపచ్చగా పూసింది. రోజూ వెనక గడప మీద ఒక పళ్లెంలో రొట్టె పెట్టేది, అంచులు మాడ్చి. బావ ఆమెతో ఒక్కనాడూ వాదించలేదు. ఒక సాయంత్రం మిల్లు నుంచి ఒక బండను, అద్దంలా నునుపు పట్టించి, రిక్షాలో వేసుకొచ్చి వెనక తలుపు పక్కన అరుగులా పరిచాడు. ఎందుకు బావా అంటే, "నిలవడి నిలవడి కాళ్లు గుంజుతయ్ గద" అన్నాడు.

కాయలు ఎండాక ఆమె గింజలు దులిపి డబ్బాలో పోసేది, మరుసటి ఏడు వానలకు ముందు తనే మళ్లీ చల్లేది. ఎన్నో ఏళ్లు అలా గడిచాయి. జనం పిచ్చి అన్నారు. పిచ్చి అయితే నాకింత బాధ ఉండేది కాదు. ఆమె ఒక్కనాడూ, బిడ్డ వచ్చింది, రొట్టె తిన్నది అని చెప్పలేదు. అడిగితే, "పిల్లి తిన్నది" అనేది. "ఇయ్యాల చీమలు వట్టినయ్" అనేది. ఉన్నది ఉన్నట్టే చెప్పి, మర్నాడు మళ్లీ రొట్టె మాడ్చేది.

పోయిన చలికాలం ఆమెకు ఆరోగ్యం బాగా చెడింది. మంచం పక్కన కూర్చుని, నవ్విద్దామని, "ఎన్ని వందల మందిని జడిపించిన పుస్తకం, నిన్ను మాత్రం ఏం చెయ్యలేకపోయిందక్కా" అన్నాను. పుస్తకం ఊరగాయ జాడీల పక్కన గూట్లోనే ఉంది, చివరి పేజీలో తలపిన్ను. అక్క నవ్వలేదు. "అండ్ల భయమేముంది తమ్మీ? పోయినోళ్లు వస్తరని రాసిండు. రారని రాస్తె గద భయం" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, నాకు మాత్రమే వినిపించేలా చెప్పింది. "ఏటేట ఆవాలు మొలుస్తనే ఉన్నయ్. అది రాలే. ఒక్కపారి గూడ రాలే." ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఓదార్చే మాటలు నా షాపులో ఎన్ని పుస్తకాల్లో ఉండేవో, ఒక్కటీ పనికిరాలేదు.

ఈ ఎండాకాలం అక్క పోయింది. ముందే చెప్పిందట, నన్ను కాల్చకుండ్రి, బిడ్డ పక్కన వెట్టుండ్రి అని. వదిన ముసలిదైంది, కర్ర ఊతతో వచ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆవాల మాట ఎత్తింది. "బెంగతోని పోయింది. దీని పానం గూడ ఇంటి మీదనే ఉంటది. ఈపారి సక్కగ వేంచి సల్లుండ్రి. పుట్టింటోడు సల్లాలె." పోపుల డబ్బాలో ఆవాలు గిన్నెలోకి వంచి నా చేతికిచ్చింది. అవి ఆ బాట మీద పండిన ఆవాలే.

గిన్నె పట్టుకుని ఖాలా ఇంటికి పోయాను. ఇప్పుడు ఆమెకు చూపు సరిగా ఆనదు. పొయ్యి మీద మా అందరి కోసం అన్నం ఉడుకుతోంది. గిన్నెలో చెయ్యి పెట్టి గింజలు తడిమి, నా మొహంలోకి చూసింది. "వేంచాల్నా బేటా?" అంది. ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. ఒక గింజ వేగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చుని, ఆమె గిన్నె మీద పళ్లెం మూతపెట్టి నా చేతికిచ్చింది. "ఐపోయింది, తీస్కపో" అంది. ఇంటికి వస్తే వదిన మూత తీసి వేలు పెట్టి, "వేడి లేవేంది?" అంది. "చల్లారినయ్ వదినా" అన్నాను.

పూడ్చడం అయ్యాక బొంద దగ్గర నుంచి ఇంటి వెనక తలుపు దాకా నేనే చల్లుకుంటూ వచ్చాను. పిడికెడు చల్లినప్పుడల్లా ఆ మాట అనాలి కదా, అన్నాను. "ఇవి మొలిచిన్నాడు రా అక్కా." వెనక నడుస్తున్నవాళ్లకు అది ఆచారంగానే వినిపించి ఉంటుంది. బావ ఒక్కడే ఆగి, వంగి, బాట మీది గింజ ఒకటి తీసి గోటితో నొక్కి చూశాడు. మళ్లీ మట్టిలో పెట్టి, మట్టి కప్పి, నడిచాడు.

నిన్న ఆ అమ్మాయి పుస్తకం తెచ్చి ఇచ్చింది. "ముందంత జర బోర్ గొట్టింది అంకుల్. లాస్ట్ పేజీల మొలక కనవడ్డప్పుడు మాత్రం మస్తు భయమైంది. మీకు గాలేదా?" అని అడిగింది. లేదన్నాను. ఆమె పోయాక షాపు మెట్ల మీద నిలబడి అనంతగిరి వైపు చూశాను. మబ్బు వస్తుంది, కొండ మీద కాసేపు ఆగుతుంది, పోతుంది. బావ రోజూ పొద్దున ఫోన్ చేసి, నేను అడగకుండానే, "ఈడ ఇంక చినుకు వడలే బామ్మర్ది" అంటాడు. ఇక్కడా పడలేదు బావా అంటాను. ఫోన్ పెట్టేస్తాం. ఒక ఎండాకాలం ఇంత పొడుగుంటుందని ఈ వయసులో నాకు తెలిసింది.